ఖాళీ సంచి

ఆ బ్యాగు కొన్నరోజే షాపు కుర్రాడు అడిగాడు, "ఎక్కడికి సార్, లద్దాఖా?" అని. "నర్సాపురం" అన్నాను. బిల్లు కొట్టడం ఆపి ఒకసారి నా ముఖంలోకి చూశాడు.

50 లీటర్ల బ్యాగు అది. బ్యాగుల్ని లీటర్లలో కొలుస్తారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మకు తెలిసిన లీటర్లు పాలవీ, పెట్రోలువీ. "ఇందులో నీళ్ళు పోస్తే కారిపోవూ?" అంటూ జిప్పులన్నీ లాగి చూసింది. నడుముకో పట్టీ, ఛాతీకో పట్టీ బిగించుకుంటే అద్దంలో నేను విమానంలోంచి దూకబోయే వాడిలా ఉన్నాను. లోపల పెట్టింది మాత్రం రెండు టీషర్టులు, ఒక ప్యాంటు, తువ్వాలు, బ్రష్షు. తక్కువ సామానుతో ఒంటరిగా తిరగడమే అసలు ప్రయాణమని వీడియోల్లో చెబుతున్నారు మరి. రైల్లో నర్సాపురం దాకా వెళ్ళాలి, పంటెక్కి గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాలి, అక్కణ్ణుంచి ఆటోలో అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కూర్చుని నన్ను నేను తెలుసుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఆ పని ఇంకా పెండింగులోనే ఉంది.

సికింద్రాబాదులో రైలు కదిలి ప్లాట్‌ఫారం దాటకముందే ఎదురు బెర్తు పిన్నిగారు మొదలుపెట్టారు. పేరు, ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం అయ్యాయి.

"ఒక్కడివే వెళ్తున్నావా బాబూ?"

"అవునండీ."

"ఎవరైనా పోయారా?"

"లేదండీ, ఊరికే."

"ఇంట్లో గొడవా?"

ఊరికే ఒక్కడే తిరగడమన్నది మన రైళ్ళలో చెల్లుబాటయ్యే కారణం కాదు. పక్క బెర్తులో రిటైరైన సోషల్ మాస్టారు నా తరఫున వకాల్తా పుచ్చుకుని, "ఈ కాలం పిల్లలు ఇలాగే తిరుగుతారమ్మా, బ్యాక్‌ప్యాకింగ్ అంటారు" అన్నారు. అందరూ నా బ్యాగు వైపు గౌరవంగా చూశారు.

"ఏముంది బాబూ అంత దాంట్లో?" అన్నారు పిన్నిగారు.

నేను గర్వంగా, "ఏమీ లేదండీ. దాదాపు ఖాళీ" అన్నాను.

తర్వాత జరిగిన దానికంతా ఆ ఒక్క మాటే మూలం. మంచినీళ్ళ సీసా పట్టనంతగా సామాను కుక్కుకుని ప్రయాణించే జనం మధ్య కూర్చుని సంచిలో చోటుందని చెప్పాను!

పిన్నిగారు సీటు కింద నుంచి ఒక గుడ్డ సంచి లాగారు. వచ్చే నెల మాఘంలో వాళ్ళమ్మాయి పెళ్ళి. శుభలేఖలు పంచడానికే భీమవరం వెళ్తున్నారు. సఖినేటిపల్లిలో ఒక్క ఇల్లు మిగిలిపోయింది. మోకాళ్ళ నొప్పులు, పంటెక్కలేరు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్దామంటే కారుకి డబ్బులు. "కొరియర్లో పంపితే పోస్టులో పడేశారంటారు బాబూ. మనిషితో పంపితే ఆ గౌరవం వేరు."

ఆ మనిషిని నేనేనని అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

మూలలకు పసుపు రాసిన శుభలేఖ ఒకటి, సున్నుండల డబ్బా ఒకటి నా చేతికొచ్చాయి. సున్నుండలు పెళ్ళివి కావు, ఆవిడ చేతివి. "డబ్బా మాత్రం మర్చిపోకుండా వెనక్కి తేవాలి, అది మా అత్తగారిది" అన్నారు. కార్డు ఒక్కటీ ఇస్తే పిలిచినట్టు కాదట. "మా మాటగా చెప్పండి, కుటుంబసమేతంగా ముందురోజే రావాలి" అని నాతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. మూడోసారి నాకు కొంచెం గొంతు పూడింది కూడా. ఆయన ఈవిడకు ఏమవుతారో వివరంగానే చెప్పారు. ఆ చుట్టరికం మూడు మలుపులు తిరిగింది. నేను రెండో మలుపులోనే దిగిపోయాను. కవరు మీద ఇంటిపేరుతో సహా పేరుంది కదా అనుకున్నాను.

"ఇల్లెక్కడండీ?"

"రేవులో ఎవర్నడిగినా చెబుతారు."

రాత్రి నిద్ర లేదు. పై బెర్తులో ఒక రొయ్యల రైతు ఉన్నాడు. తెల్లవారుజామున ఆయనకు చెరువు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, కరెంటు పోయి నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోయాయని. తెల్లారేముందే నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గేది, రొయ్యలు పైకి తేలితే పంట పోయినట్టే. "జనరేటరెయ్యరా! డీజిల్ లేకపోతే పక్కచెరువాడి దగ్గర పట్రా!" అని ఆయన అరిచిన అరుపులకు బోగీ మొత్తం లేచి ఆ చెరువు గురించి బెంగపెట్టుకుంది. ఒక ముసలాయన దణ్ణం కూడా పెట్టుకున్నాడు. జనరేటరు అందుకుందని కబురొచ్చాక అందరం కలిసి టీ తాగాం. డబ్బులు రైతే ఇచ్చాడు. ఆకివీడులో దిగుతూ నా బ్యాగు వైపు ఒకసారి ఆశగా చూశాడు గానీ అప్పటికే పిన్నిగారు, "అది నిండింది బాబూ" అనేశారు. నా బ్యాగు గురించి నా బదులు ఆవిడ!

భీమవరంలో ఆవిడ దిగిపోయారు. నర్సాపురంలో మాస్టారూ నేనూ ఒకే ఆటోలో మాధవాయిపాలెం రేవుకి వచ్చాం. ఎదురుగా పంటు బయల్దేరబోతోంది. మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఈ మాధవాయిపాలెమే ఇంగ్లీషువాళ్ళ నోట్లో మడపొల్లం అయింది, తెలుసా? ఇక్కణ్ణుంచి వెళ్ళిన నూలుబట్టకి ఆ పేరే పెట్టేశారు. 17వ శతాబ్దంలో ఈ చుట్టుపక్కల ఓడలు కట్టేవారయ్యా, ఓడలు!"

ఓడలు కట్టిన ఊళ్ళో నేను పంటు మిస్సయ్యాను.

పంటు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు పడవల్ని పక్కపక్కన చేర్చి పైన బల్లలు పరిస్తే పంటు. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, కోళ్ళ బుట్టలు అన్నీ దాని మీదే గోదావరి దాటతాయి. తర్వాతి దాంట్లో ఎక్కాను. పట్టీలన్నీ బిగించుకుని నిలబడ్డ నన్ను చూసి ఒక పెద్దాయన అడిగాడు.

"వంతెన సర్వేకండీ?"

"కాదండీ, ఊరు చూడ్డానికి."

"ఆయ్. ఇదివరకొచ్చినోళ్ళు కూడా చూసే వెళ్ళారండి."

పాటు సమయం. సముద్రం దగ్గర కదా, పోటుకూ పాటుకూ నది లోతు మారిపోతుంది. నడి గోదావరిలో పంటు అడుగు ఇసుకకి తగిలి ఆగింది. ఎవరూ కంగారు పడలేదు. ఒకాయన మోటారు సైకిలు సీటు మీదే పేపరు పరిచాడు. ఎలాగూ ఆగింది కదా అని కవరు తీసి, దాని మీద పేరు చదివి, ఈయన ఇల్లు ఎక్కడండీ అని పెద్దాయన్ని అడిగాను.

"ఇల్లెందుకండి, మనిషే ఉన్నాడు" అని, కోళ్ళ బుట్ట పక్కన బీడీ కాల్చుకుంటున్న ఒకాయన్ని పిలిచాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే అదే పేరుతో ఇంకో ఇద్దరు లేచి రావచ్చు.

ఆయన బీడీ గోదావట్లో పారేసి వచ్చాడు. నేను ఛాతీ పట్టీ విప్పి, రెండు చేతులతో కార్డు అందించి, గొంతు సవరించుకుని, "మా మాటగా చెప్పమన్నారు, కుటుంబసమేతంగా ముందురోజే రావాలి" అన్నాను. సున్నుండల డబ్బా కూడా చేతిలో పెట్టాను. ఆయన కార్డు విప్పాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పదకొండేళ్ళయిందండి ఆళ్ళు మా గడప తొక్కి. వదినగారే పంపారా?"

"స్వయంగా."

"సున్నుండలు కూడా?"

"ఆవిడ చేతివే."

చుట్టూ ఉన్నవాళ్ళు మోటారు సైకిళ్ళు వదిలేసి దగ్గరికొచ్చారు. ఒకామె ముక్కు చీదింది. ఆయన డబ్బా మూత తీసి అందరికీ తలో ఉండా పంచాడు. నేనూ ఒకటి తిన్నాను. నెయ్యి బాగా వేశారు. పోటు మొదలై పంటు కదిలేసరికి డబ్బాలో నాలుగు మిగిలాయి. అప్పుడే పిన్నిగారి ఫోను.

"దాటావా బాబూ? రేవు ఒడ్డునే ఉన్నాడు, తెల్ల చొక్కా. పొద్దున్నుంచీ నీకోసం చూస్తున్నాడట."

ఒడ్డు వైపు చూశాను. తెల్ల చొక్కా ఆయన చెయ్యి ఊపుతున్నాడు. నా పక్కనున్నాయన వాణ్ణి చూసి మీసం సవరించుకున్నాడు.

వాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. తాతగారు పోయిన ఏడాదే ఇద్దరూ పుట్టారు. రెండిళ్ళలోనూ తాత పేరే పెట్టారు. ఊళ్ళో వాళ్ళని పేరుతో కాదు, పెద్దగేటాయన, చిన్నగేటాయన అని పిలుస్తారు. ఆ గేట్ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దగేటాయనకీ పిన్నిగారింటికీ గట్టు మీది ఏడు కొబ్బరిచెట్ల దగ్గర తగాదా వచ్చి కోర్టుదాకా వెళ్ళింది. నేను పిలిచింది పెద్దగేటాయన్ని.

నా కథంతా విన్నాక ఫోన్లో పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందనుకున్నాను.

"డబ్బా ఎవరి దగ్గరుంది?" అన్నారు చివరికి.

అంతర్వేది వెళ్ళలేదు. పెద్దగేటు ఇంట్లో భోజనం అయింది. కార్డు రాలేదని అలిగిన చిన్నగేటాయన్ని బతిమాలడానికి వాళ్ళింట్లో ఇంకో భోజనం చెయ్యాల్సొచ్చింది. కార్డు లేకుండానే కుటుంబసమేతంగా, ముందురోజే అని మళ్ళీ చెప్పాను. ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. పెళ్ళికి పెద్దగేటాయన వస్తే తాను రానని చిన్నగేటాయన, ఆడు రాకపోతే ఇంకా మంచిదని పెద్దగేటాయన. పిన్నిగారు నాకు ఆరుసార్లు ఫోన్ చేశారు. ఆరోసారి వాళ్ళాయన లైన్లోకొచ్చి, "మీరు పెళ్ళికి తప్పకుండా రావాలండీ" అన్నారు. ఆ మాట ఆయన అన్న తీరుకి నాకు టెన్షన్ పట్టుకుంది.

డబ్బా ఖాళీగా పంపకూడదని పెద్దగేటాయన అందులో జంతికలు పోయించాడు. జంతికలు తేలికే. దాంతోపాటు పన్నెండు కొబ్బరికాయలు. "ఏ చెట్లవో చెప్పక్కర్లేదండి, వదినగారికి రుచి తెలుసు" అన్నాడు. భీమవరం ప్లాట్‌ఫారం మీద వాటిని నేనే అందించాలి. ఆ 50 లీటర్లకు సరిగ్గా పన్నెండు కాయలు, ఒక డబ్బా పట్టాయి. నా టీషర్టులు, ప్యాంటు, తువ్వాలు ఒక పాలిథిన్ కవర్లోకి మారాయి.

సాయంత్రం తిరుగు పంటులో నడుం పట్టుకుని నిలబడ్డాను. పక్కన ఒక మామ్మగారు, చేతిలో బుట్ట, బుట్టలో ఏదో కదులుతోంది. ఆవిడ నా బ్యాగు వంక చూసి నోరు తెరవబోతుంటే నేనే ముందు అందుకున్నాను.

"నిండిపోయిందండీ మామ్మగారూ. వేలు పెట్టే చోటు కూడా లేదు."

"అయ్యో, దాంట్లో వద్దులే బాబూ" అందావిడ. "ఆ చేతిలో కవరు తేలిగ్గానే ఉన్నట్టుందే?"