పద్దెనిమిది నిండాక ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లాలి?

ఏటా రిజల్ట్స్ వచ్చాయంటే మన ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్లల్లో ఒకటే చర్చ. ప్లస్ టూ ఎక్కడ, ప్లస్ త్రీ అంటే డిగ్రీ ఎక్కడ, ఇక్కడే శామ్స్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్లలో అప్లై చేద్దామా, శ్రీకాకుళమో విశాఖో పంపేద్దామా, ఒడియాలో రాస్తే మార్కులు పడతాయా, ఇంగ్లిష్ మీడియంలో నెట్టుకురాగలడా. ఇంటిల్లిపాదికీ టెన్షన్. అదే ఇంట్లో బుద్ధిమాంద్యం ఉందని డాక్టర్లు చెప్పిన పంతొమ్మిదేళ్ల పిల్ల ఇంకొకతె ఉంటే, ఆ పిల్ల సంగతి ఈ చర్చలోకి రానే రాదు. కావాలని వదిలేశారని కాదు, తల్లిదండ్రులు ఆ పిల్ల కోసం తిరగని ఆసుపత్రి ఉండదు, మొక్కని దేవుడు ఉండడు. కానీ ఆ పిల్లకి కాలేజీ అనే ఆలోచన ఎవరికీ తట్టదు.

తట్టాలి అంటాను నేను. డిగ్రీ వస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. మన ఊళ్లల్లో పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల వాళ్లందరూ ఒకచోట కనిపించేది కాలేజీలోనే. స్నేహాలు అక్కడే, గొడవలు అక్కడే, బస్సులో ఒంటరిగా ప్రయాణం చేయడం, చేతిలో డబ్బు లెక్క చూసుకోవడం, తెలియని మనిషితో మాట్లాడటం నేర్చుకునేదీ ఆ నాలుగేళ్లలోనే. అవన్నీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే మనం ఇంట్లో కూర్చోబెడుతున్నాం.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు అని ఉంది. ఆ తర్వాత కూడా చట్టం చేతులు దులుపుకోలేదు. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కాలేజీలు, ప్రభుత్వ సాయం తీసుకునే కాలేజీలు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి, గరిష్ఠ వయసులో ఐదేళ్లు సడలించాలి. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా దీన్ని అమలు చేసి తీరాలని చెప్పింది. అయితే ఆ 5 శాతంలో ఎవరికెంత అని విడగొట్టలేదు. ఉద్యోగాల దగ్గర 34వ సెక్షన్ 4 శాతాన్ని ముక్కలు చేసి, ఆటిజం, మేధో వైకల్యం (బుద్ధిమాంద్యానికి చట్టం వాడే పేరు), అభ్యసన లోపాలు, మానసిక వ్యాధి, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి 1 శాతం పక్కన పెట్టింది. సీట్ల దగ్గర అలాంటిది లేదు. మార్కుల మీద లిస్టు వేస్తే చూపు లేనివాళ్లు, కాళ్లూ చేతుల ఇబ్బంది ఉన్నవాళ్లు ముందుంటారు. వాళ్లకి దక్కకూడదని నేను అనడం లేదు, వాళ్లూ ఎన్నో దాటుకుని వచ్చినవాళ్లే. కానీ 2011 జనాభా లెక్కల్లోనే దాదాపు 15 లక్షల మందిగా తేలిన మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఆ లిస్టులో చోటు కాగితం మీదే మిగిలిపోతోంది.

సర్టిఫికెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అసలు తిరకాసు అక్కడే ఉంది. మేధో వైకల్యం శాతం తేల్చేటప్పుడు తెలివితేటల పరీక్షతో సరిపెట్టరు, రోజువారీ జీవితం ఎలా నడుస్తోందో కూడా చూస్తారు. దానికి మన దేశంలో ఎక్కువగా వాడేది వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్. ఇందులో ప్రశ్నలు ప్రధానంగా తల్లిని అడుగుతారు. తన బట్టలు తనే వేసుకుంటాడా, కొట్టుకెళ్లి చిన్నచిన్న వస్తువులు కొనుక్కొస్తాడా, ఇంటి చుట్టుపక్కల ఒక్కడే తిరుగుతాడా, ఇలా. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం, 36 నుంచి 54 మధ్య ఉంటే 75 శాతం అని రాశారు.

నాకు బాగా తెలిసిన ఒకావిడ కొడుకుని అలా తీసుకెళ్లింది. కొట్టుకి ఒక్కడే వెళ్తాడా అని అడిగారు. లేదంది. బస్సులో ఒక్కడే వెళ్తాడా? లేదంది. అన్నీ అలాగే రాసుకున్నారు. తర్వాత నేను అడిగాను, "ఎప్పుడైనా పంపి చూశారా పిన్నీ?" అని. "ఎలా పంపుతాం బాబూ, మెయిన్ రోడ్డు దాటాలి, కుర్రాళ్లు వెంటపడి ఏడిపిస్తారు, కొట్టువాడు చిల్లర ఎగ్గొట్టినా వీడికి తెలీదు" అంది. మేం మాట్లాడుతుండగానే ఆ అబ్బాయి లోపల్నుంచి టీ తెచ్చాడు. షుగరున్న తాతగారి గ్లాసు విడిగా పట్టుకొచ్చి, ముందు ఆయన చేతికిచ్చి, తర్వాత మాకు ఇచ్చాడు. ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి ఆ రోజు ఎవరూ అడగలేదు, ఆవిడకీ చెప్పాలని తోచలేదు.

పంపకపోవడం వేరు, వెళ్లలేకపోవడం వేరు. ఫారంలో మాత్రం రెండూ ఒకటే "లేదు" కింద పడిపోతాయి. ఏట్లో దింపకుండానే ఈత రాదని రాసేసినట్టు. ఇంట్లోనే ఉంచడం వల్ల స్కోరు తగ్గుతుంది, స్కోరు తగ్గింది కాబట్టి కాలేజీ వాళ్లు "ఈ పిల్లాడు ఇక్కడ ఏం చేస్తాడమ్మా" అంటారు, కాలేజీ లేదు కాబట్టి మళ్లీ ఇల్లే. పద్దెనిమిది దాటాక ఇచ్చే సర్టిఫికెట్ శాశ్వతం కాబట్టి ఆ అంకె ఇక జీవితాంతం వెంట ఉంటుంది.

దీనికి తోడు మన సరిహద్దు బాధ ఒకటి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలగలిపి. మన వీధుల్లో సగం మంది ఆడవాళ్లు టెక్కలి, పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లే. కూరగాయలు బేరమాడేంత ఒడియా అందరికీ వస్తుంది, కొడుకు గురించి ఒక నిపుణుడు అడిగే ప్రశ్నకి విడమర్చి జవాబు చెప్పేంత రాదు. అర్థం కానప్పుడు మనిషి ఏం చేస్తుంది? తలూపుతుంది. పిల్లాడి పరీక్ష కూడా అంతే. తెలుగులో అడిగితే చెప్పే జవాబు ఒడియాలో అడిగితే చెప్పలేక నిలబడిపోతాడు, మామూలు పిల్లలకే రెండో భాషలో తడబాటు ఉంటుంది, వీళ్లకి ఇంకా ఎక్కువ. పరీక్షించేవాళ్ల తప్పు అనడం లేదు, ఒకే పూటలో క్యాంపులో ఎంతమందినని చూస్తారు. కానీ గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లల్ని తెలుగు తెలిసిన మనిషి పక్కన ఉండగానే పరీక్షించాలని ఒక నియమం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అవదు. సవర మాట్లాడే పిల్లలకీ ఇదే వర్తిస్తుంది, నిజానికి వాళ్ల పరిస్థితి మనకన్నా కష్టం. ఇంకో మాట, సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని అదే చట్టం 58వ సెక్షన్‌లో రాసి ఉంది, ఒడిశాలో తీసుకున్నదాన్ని ఏటి అవతల ఆంధ్రా కాలేజీలో కాదనడానికి వీల్లేదు.

ఇక కాలేజీలో ఏం చేస్తారు అన్న ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే, దాటవేయకూడదు. అందరూ డిగ్రీ చేయలేరు. కొందరు చేయగలరు. స్పెయిన్‌లో పాబ్లో పినేడా డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే, మేధో వైకల్యానికి దారితీసే జన్యు సమస్య) ఉండగానే మాలగా యూనివర్సిటీలో చదివి పట్టా తీసుకున్నాడు, యూరప్‌లో అలా తీసుకున్న మొదటివాడని పేరు. మన దగ్గర స్వల్ప స్థాయి వైకల్యం ఉన్నవాళ్లకి దారి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఓపెన్ స్కూల్. పదో తరగతికి ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ల గడువు, ఆ లోపల తొమ్మిది సార్లు రాసుకోవచ్చు, ఒక్కో సబ్జెక్టు చొప్పున గట్టెక్కవచ్చు. తెలుగు మీడియం ఉంది. పెయింటింగ్, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ లాంటివి ఎంచుకోవచ్చు. పరీక్షలో గంటకి ఇరవై నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి కూడా నిబంధనల్లోనే ఉన్నాయి. రాసిపెట్టే మనిషి చేత జవాబులే చెప్పించి పాస్ చేయించే తోవ కొందరు చూపిస్తారు, దయచేసి ఆ వైపు వెళ్లొద్దు, ఆ పిల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు, రేపు నిజంగా కష్టపడి రాసినవాళ్లనీ ఎవరూ నమ్మరు.

మరి డిగ్రీ దాకా రాలేనివాళ్లు? వాళ్ల కోసమే అమెరికా 2008లో ఉన్నత విద్య చట్టం మార్చింది. మామూలు హైస్కూల్ డిప్లొమా లేకపోయినా, మేధో వైకల్యం ఉన్న విద్యార్థి ఆమోదం పొందిన కాలేజీ కార్యక్రమంలో చేరితే ప్రభుత్వ ఆర్థిక సాయం వస్తుంది. ఇప్పుడు అక్కడ మూడు వందలకు పైగా కాలేజీల్లో ఇలాంటివి నడుస్తున్నాయి. మామూలు క్లాసుల్లోనే కూర్చుంటారు, కొన్నింటికి పరీక్ష రాస్తారు, కొన్నింటికి ఊరికే వింటారు, తోడుగా అదే వయసు విద్యార్థి ఒకరు ఉంటారు, చదువుతో పాటు ఏదో ఒక చిన్న ఉద్యోగం అలవాటు చేస్తారు. రెండేళ్లో నాలుగేళ్లో అయ్యాక చేతికొచ్చేది డిగ్రీ కాకపోవచ్చు, ఓ సర్టిఫికెట్. అమెరికా డబ్బు మనకెక్కడిది అనొచ్చు. కానీ ఇందులో డబ్బుతో పడే పని తక్కువ, క్లాసులో ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి.

ఆ పక్కన మనిషి మన కాలేజీల్లో ఇప్పటికే ఉన్నాడు. 1969 నుంచి నడుస్తున్న ఎన్ఎస్ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, ప్రతి వాలంటీరూ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల క్యాంపు చేయాలి. ఆ గంటల్లో మొక్కలు నాటుతారు, కాలేజీ ఆవరణ ఊడుస్తారు, ర్యాలీ తీస్తారు. అవీ ఉండనివ్వండి. అందులో కొంతమందికి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లకి, వారానికి రెండు పూటలు ఒక తోటి వయసు మనిషితో క్లాసులో కూర్చోవడం, క్యాంటీన్‌కి వెళ్లడం, లైబ్రరీలో పేపరు చూడటం, సాయంత్రం బస్సెక్కించడం పనిగా ఇస్తే ఆ గంటలు లెక్కలోకి రావా? పర్లాకిమిడిలో 1896 నాటి శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీ ఉంది, బరంపురంలో 1967 నుంచి యూనివర్సిటీ ఉంది, కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీయే ఉంది. వీటిలో ఏ ఒక్కటి మొదలుపెట్టినా మిగతావాటికి చూసి నేర్చుకునే వీలుంటుంది. సికింద్రాబాద్‌లో ఇలాంటివాళ్ల కోసం 1984 నుంచి జాతీయ స్థాయి సంస్థ ఉన్న మాట నిజమే, కానీ పలాస దాకా వెళ్లి రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసి ఎన్నాళ్లు తిరుగుతారు ఈ తల్లులు?

లెక్చరర్లే సరిపడా లేరు, ఉన్నవాళ్లకే చెప్పలేకపోతున్నాం అని కాలేజీల వాళ్లు అంటారు. నిజం. అందుకే మొదటి ఏడాది ఒక్కో కాలేజీలో ఇద్దరు ముగ్గురితో, పరీక్షల ఊసు లేకుండా, వినడానికి మాత్రమే చేర్చుకోమంటున్నాను.

కాలేజీ గేటు బయట ఊరు కూడా మారాలి, ఊరు మారడం కొన్నిసార్లు కాలేజీ కన్నా త్వరగా జరుగుతుంది. వినాయక చవితి పందిళ్ల దగ్గర చూస్తుంటాను. కమిటీ కుర్రాళ్లు ఒకప్పుడు తరిమేసిన పిల్లాడికి ఓ ఏడాది ప్రసాదం పంచే దగ్గర దొన్నెలు అందించే పని ఇచ్చారు. లైన్లో ముసలివాళ్లని ముందుకి పిలిచి మరీ ఇచ్చాడు. మరుసటి ఏడాది వాడు రాకపోతే "వాడేడిరా" అని ఇంటికెళ్లి పిలుచుకొచ్చారు. పని ఇచ్చాకే పేరు పెట్టి పిలవడం మొదలైంది. రథయాత్రకి, ఠాకురాణి జాతరకి, కులసంఘాల పిక్నిక్‌లకి, కుర్రాళ్ల క్రికెట్ క్లబ్బులకి అన్నింట్లోనూ ఇలాంటి పనులు బోలెడు ఉంటాయి. జాలితో పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే సరిపోదు.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, ముఖ్యంగా ఆడపిల్ల ఉన్నవాళ్ల భయం. దాన్ని కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం కూడా. బయట ప్రమాదం ఉంది. కానీ ఇంట్లో దాచినంత మాత్రాన ప్రమాదం పోదు. ఎవరితో ఎంత దూరం ఉండాలో, ఎప్పుడు కాదనాలో, ఎవరికి చెప్పాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పకపోతే రేపు అమ్మానాన్నా పెద్దవాళ్లయ్యాక ఆ పిల్లని కాపాడేది ఎవరు? నలుగురికి తెలిసిన పిల్లకి నలుగురు అడ్డు నిలుస్తారు. అందరి ముందూ కావాలని అవమానించినా, బెదిరించినా 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది, కాలేజీ నోటీసు బోర్డు మీద ఈ ఒక్క వాక్యం ఒడియాలోనూ తెలుగులోనూ పెడితే చాలా ఏడిపింపులు ఆగుతాయి.

పద్దెనిమిది నిండగానే ఇంకో సలహా మొదలవుతుంది, గార్డియన్‌షిప్, అంటే పిల్ల తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు, తీసేసుకోండి అని. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి అప్లై చేస్తే వస్తుంది. అవసరమైన ఇళ్లు ఉన్నాయి. కానీ 2016 చట్టం పరిమిత గార్డియన్‌షిప్ వైపు వచ్చింది, అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషితో కలిసి ఆలోచించి. బ్యాంకువాళ్లు అడిగారని పిల్ల సంతకం హక్కు మొత్తం రాయించేసుకునే ముందు ఒక్క నెల ఆగి, ఆ పిల్ల ఏ నిర్ణయాలు తనంతట తను తీసుకోగలదో కూర్చుని రాసుకోండి. చాలా ఇళ్లల్లో ఆ జాబితా అనుకున్నదానికన్నా పొడుగ్గా వస్తుంది.

ఈ అడ్మిషన్ల సీజన్‌లో తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. నలుగురైదుగురు కలిసి దగ్గర్లోని కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇవ్వండి, తెలుగులో రాసినా సరే, కింద ఒడియాలో ఎవరిచేతనైనా రాయించండి. 2016 చట్టం 21వ సెక్షన్ ప్రకారం మీ కాలేజీ సమాన అవకాశాల విధానం కాపీ ఇవ్వండి, మా ఫిర్యాదులు చూసే అధికారి ఎవరో పేరు చెప్పండి, మా పిల్లలు వారానికి రెండు పూటలు క్లాసులో కూర్చోవడానికి అనుమతి ఇవ్వండి, ఎన్ఎస్ఎస్ నుంచి తోడు ఇవ్వండి అని. నోటితో అడిగితే చూద్దాంలెండి అంటారు. కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకుని రండి.