పాత మోటర్‌హోమ్‌లు ఎంఓటీలో ఫెయిలే కావా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటా చూద్దాం

ఇంగ్లండ్‌లోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య మోటర్‌హోమ్‌ల గురించి, అంటే లోపల మంచం, వంటగట్టు ఉండే ఇంటి వ్యాన్‌ల గురించి, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "వేసవి సెలవుల్లో హోటళ్లకు పోసే డబ్బుతో ఇరవై ఏళ్ల నాటి మోటర్‌హోమ్ కొనేయండి. అవి ఎక్కువ తిరగవు కాబట్టి అరగవు. ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో దాదాపు ఎప్పుడూ పాసవుతాయి. పాసైందంటే బండి అన్ని విధాలా బాగున్నట్టే. పన్నెండు నెలల ఎంఓటీ ఉంటే పన్నెండు నెలలు నిశ్చింత. టైరుకు గాడి లోతుంటే చాలు, వయసుతో పనిలేదు. నలభై ఏళ్లు దాటిన బండైతే అసలు ఎంఓటీయే అక్కర్లేదు, ఇంకా మంచిది."

పోయిన నెల మా బాపట్ల వైపు కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, 2001 మోడల్ బండి ఒకటి చూశాను, పదకొండు నెలల ఎంఓటీ ఉంది, రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా" అన్నాడు. ఇద్దరు చిన్నపిల్లలున్నారు వాడికి. బండి కింద చూశావా అని అడిగితే, "ఎంఓటీ ఉందిగా అన్నా" అన్నాడు. ఆ రాత్రే ఇది రాయాలనిపించింది.

ఇండియాలో ఉండి చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మన దగ్గర లారీకీ టాక్సీకీ ఎఫ్‌సీ చేయించినట్టు, బ్రిటన్‌లో సొంత కార్లకు కూడా ఏటా పరీక్ష ఉంటుంది. 1960లో అప్పటి రవాణా మంత్రిత్వ శాఖ దీన్ని మొదలుపెట్టింది. ఆ శాఖ ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలే ఎంఓటీ. మొదట్లో పదేళ్లు దాటిన బళ్లకే ఉండేది. ఇప్పుడు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో బండికి మూడేళ్లు నిండిన దగ్గర్నుంచి ఏటా చేయించాలి. మోటర్‌హోమ్ ఎంత పెద్దదైనా కార్లుండే నాలుగో క్లాసులోనే పరీక్షిస్తారు. ఫీజు గరిష్ఠంగా 54.85 పౌండ్లు.

ఇక మెసేజ్‌లోని మాటలకు వద్దాం.

"ఎక్కువ తిరగవు కాబట్టి అరగవు."

మిగతా మాటలన్నీ దీని మీదే నిలబడ్డాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బండిలో తిరిగితే అరిగేవి కొన్ని, తిరక్కపోతే పాడయ్యేవి కొన్ని. పాత మోటర్‌హోమ్‌కు ఎక్కువ బాధ రెండో రకంతోనే.

నా బండి 1998 నాటిది. ఏడాదికి రెండు వేల మైళ్లు కూడా తిరగదు. అక్టోబర్‌లో ఇంటి పక్కన పెడితే మళ్లీ మార్చిలోనే కదిలేది. కొన్న రెండో ఏడాది ఎంఓటీకి తీసుకెళ్తే హ్యాండ్‌బ్రేక్ దగ్గరే పోయింది. టెస్టర్ వెనక చక్రాలను రోలర్ల మీదకు ఎక్కించి హ్యాండ్‌బ్రేక్ లాగాడు. కుడి చక్రం పట్టుకుంది, ఎడమది తిరుగుతూనే ఉంది. ఆరు నెలలు ఒకేచోట నిలబడి కేబుల్ తుప్పుతో బిగుసుకుపోయింది. బండి బరువులో కనీసం 16 శాతం బ్రేకు బలం చూపించాలి, చూపించలేదు.

తర్వాత బండిని లిఫ్ట్ మీద పైకెత్తి నన్ను కిందకు పిలిచాడు. టార్చి వేసి వెనక చక్రాలకు వెళ్లే బ్రేక్ పైపు చూపించాడు. పెన్సిల్ కంటే సన్నటి ఉక్కు గొట్టం. దాని మీద పొక్కుల్లా ఉబ్బిన తుప్పును గోటితో గీరాడు. పొరలు పొరలుగా లేచి నా చొక్కా మీద రాలింది. "బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ ఒత్తిడంతా మోసేది ఈ గొట్టమే" అన్నాడు. అంతకు ముందు వారమే అదే బండిలో పిల్లల్ని ఎక్కించుకుని వేల్స్ కొండ దారుల్లో దిగి వచ్చాను. ఆ మధ్యాహ్నం గ్యారేజ్ బయట బెంచీ మీద కూర్చుని నేను తలుచుకున్నది ఆ మలుపులే.

మీటరు చూస్తే మైళ్లు తక్కువే. కానీ తుప్పు లెక్క మైళ్లతో నడవదు, తడితోనూ ఏళ్లతోనూ నడుస్తుంది. ఇక్కడ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చివరి ప్రయాణంలో అంటిన ఆ ఉప్పును కడక్కుండా బండి పక్కన పెడితే చలికాలమంతా అది లోహాన్ని తింటూనే ఉంటుంది. పచ్చిక మీద నిలిపితే కింద నుంచి రోజూ తేమ ఎక్కుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు ఎండి పగుళ్లిస్తాయి. హెడ్‌లైట్ లోపలి అద్దపు పూత మసకబారుతుంది. ఇవన్నీ నిలబడ్డ బండికి వచ్చే జబ్బులే.

ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, సంగతి ఇంకా పెద్దది. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు బలం తగ్గేంత తుప్పు ఉంటే ఫెయిల్ చేస్తారు. వ్యాన్ అయితే వెల్డింగ్ చేయించి ఊరుకోవచ్చు. మోటర్‌హోమ్‌లో ఆ చోటికి పైన చెక్క నేల ఉంటుంది, దాని మీద మంచమో వంటగట్టో ఉంటుంది, కింద నీళ్ల ట్యాంకు వేలాడుతుంటుంది. వెల్డింగ్ చేయాలంటే ముందు ఇవన్నీ విప్పాలి. అందుకే చిన్న చిల్లుకు కూడా బిల్లు పెద్దదవుతుంది.

"ఎంఓటీలో దాదాపు ఎప్పుడూ పాసవుతాయి."

కార్లతో కలిపి ఈ క్లాసు బళ్లన్నీ చూస్తే, బ్రిటన్‌లో దాదాపు పదింటికి మూడు మొదటి పరీక్షలో ఫెయిలవుతాయి. లైట్లు, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు: ఎక్కువగా దొరికిపోయేది వీటి దగ్గరే. పాత మోటర్‌హోమ్ కింద ఉండేది ఫియట్ డుకాటో, ప్యూజో బాక్సర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి సరుకు వ్యానే. ఆ వ్యాన్ సస్పెన్షనే, ఆ బ్రేకులే. పైన ఇల్లు కట్టుకున్నారు కాబట్టి ఆ బరువును ఏడాది పొడుగునా, ఆగి ఉన్నప్పుడు కూడా మోస్తుంటాయి. ఇలాంటి బండి కారు కంటే తేలిగ్గా పాసవుతుందనడానికి కారణమేదీ నాకు కనిపించదు.

అయితే ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు, అదీ చెప్పాలి. మనకు రోడ్డు మీద కనిపించే పాత మోటర్‌హోమ్‌లు నిజంగానే ఏటా పాసవుతున్నవి. ఫెయిలై, ఖర్చు భరించలేక వదిలేసినవి కనిపించవు. కొన్ని తుక్కుకు పోయాయి, కొన్నిటిని రోడ్డు మీదకు తీసుకురామని ప్రభుత్వానికి రాసిచ్చి ఇంటి వెనక పెట్టుకున్నారు. పైగా శ్రద్ధగల యజమాని పరీక్షకు నెల ముందే మెకానిక్ దగ్గర అన్నీ చూపించుకుంటాడు. రికార్డులో "పాస్" అని ఒక్క మాటే పడుతుంది. దాని వెనక అతను పెట్టిన ఖర్చు ఎక్కడా కనపడదు. అలాంటి చేతుల్లో ముప్పై ఏళ్ల బండి కూడా చక్కగా పాసవుతుంది. మెసేజ్ రాసినవాళ్లు ఆ ఘనతను బండి వయసుకు కట్టబెట్టారు.

"పాసైందంటే అన్ని విధాలా బాగున్నట్టే."

ఇది ప్రమాదకరమైన మాట. ఎంఓటీలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎంత బాగున్నాయో చూడరు. పొగ ఎంత వస్తోందో చూస్తారు, అంతే. టెస్టర్ ఏ భాగాన్నీ విప్పి చూడడు. ఇక ఇంటి భాగంలోని గ్యాస్ పొయ్యి, హీటర్, గ్యాస్ పైపులు, ఫ్రిజ్, లోపలి కరెంటు వైరింగ్ పరీక్షలోకే రావు. గ్యాస్ లీకవుతున్న బండి కూడా ఎంఓటీ పాస్ కావచ్చు. వీటన్నిటికీ ఇక్కడ హ్యాబిటేషన్ చెక్ అని వేరే పరీక్ష ఉంది. చట్టప్రకారం తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది ఎగ్గొడతారు.

చెమ్మ అయితే మరీ మోసగత్తె. పాత మోటర్‌హోమ్ గోడ అంటే చాలావరకు చెక్క చట్రం, బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల వాల్‌పేపర్ అంటించిన ప్లైవుడ్. కిటికీ మూలలో సీలెంట్ ఎండిపోతే వాన నీళ్లు లోపలికి దిగి చెక్కను కుళ్లబెడతాయి. నేను కొనడానికి వెళ్లిన మొదటి బండిలో సోఫా దిండు తీసి వెనక గోడను బొటనవేలితో నొక్కాను. నానిన రస్కును నొక్కినట్టు వేలు లోపలికి పోయింది. ఆ బండికి వారం క్రితమే ఎంఓటీ పాసైంది. టెస్టర్ తప్పేం లేదు, సోఫా వెనక చూడడం అతని పని కాదు.

"పన్నెండు నెలల ఎంఓటీ ఉంటే పన్నెండు నెలలు నిశ్చింత."

ఎంఓటీ చెప్పేది ఆ రోజు, ఆ గంటలో బండి కనీస స్థాయిలో ఉందని. మర్నాడు బ్రేక్ పైపు పగిలితే ఆ కాగితం కాపాడదు. ఎంఓటీ ఉన్నా సరే, ప్రమాదకరమైన స్థితిలో బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద 3 పాయింట్లు పడతాయి, నడపకుండా నిషేధించనూవచ్చు. 2018 మే 20 నుంచి లోపాలను మైనర్, మేజర్, డేంజరస్ అని విడదీసి రాస్తున్నారు. వీటికి తోడు అడ్వైజరీ అని ఉంటుంది: ఇవాళ ఫెయిల్ చేయడం లేదు గానీ దీని మీద కన్నేసి ఉంచు అని. మెసేజ్‌లో ఈ అడ్వైజరీ ఊసే లేదు. పాత బండి కొనేవాళ్లు ముందుగా చదవాల్సింది వాటినే.

"టైరుకు గాడి లోతుంటే చాలు."

చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్లే, నిజమే. మోటర్‌హోమ్ టైరు వయసు చూసి ఎంఓటీలో ఫెయిల్ చేయరన్నదీ నిజమే. అందుకే ఈ మాట వింటే నాకు భయం. ఏడాదికి రెండు వేల మైళ్లు తిరిగే బండికి గాడి ఎప్పటికీ అరగదు. పదిహేనేళ్ల తర్వాత కూడా కొత్తదానిలా కనిపిస్తుంది. లోపల రబ్బరు మాత్రం గట్టిపడి పట్టు వదిలేస్తుంది.

2012 సెప్టెంబర్‌లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో జరిగిన సంగీతోత్సవం నుంచి కుర్రకారు తిరిగి లివర్‌పూల్ వైపు వెళ్తున్న కోచ్ ఒకటి, సర్రే కౌంటీలో హైండ్‌హెడ్ దగ్గర ఏ3 రోడ్డు మీద ముందు టైరు పేలి చెట్టును గుద్దింది. ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు పంతొమ్మిదిన్నరేళ్లు. చనిపోయినవాళ్లలో ఒక కుర్రాడికి పద్దెనిమిది, అంటే టైరే వాడికంటే పెద్దది. అప్పటి చట్టంలో టైరు వయసుకు హద్దు లేదు. ఆ కుర్రాడి తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సులు, కోచ్‌ల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైరు వేయకూడదని చట్టం వచ్చింది. మినీబస్సుల్లో జంటగా కాకుండా ఒక్కొక్కటిగా బిగించిన చక్రాలన్నిటికీ అదే నియమం. మోటర్‌హోమ్‌లకు అది వర్తించదు. మూడున్నర టన్నుల బండి, వెనక సీట్లో పిల్లలు, అయినా వర్తించదు. అంటే ఇక్కడ టైరు వయసు చూసుకోవాల్సిన బాధ్యత మనదే. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైంది. లోపలి వైపు గోడ మీద మాత్రమే ఉంటే, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి అయినా చదవండి.

"నలభై ఏళ్లు దాటితే ఎంఓటీయే అక్కర్లేదు."

పెద్ద మార్పులేవీ చేయని బండైతే 2018 నుంచి మినహాయింపు ఉంది, నిజం. మినహాయింపు పరీక్ష నుంచే, బండిని మంచి స్థితిలో ఉంచే బాధ్యత నుంచి కాదు. ఏడాదికొక్కసారైనా లిఫ్ట్ ఎక్కించి కింద చూసే మనిషి కూడా లేకుండా పోతే అది మంచి అవుతుందా? అక్కర్లేకపోయినా ఏటా ఎంఓటీ చేయించుకోవచ్చు, చేయించుకోండి.

మా కుర్రాడికి ఆ రాత్రే ఫోన్‌లో ఒక పని చెప్పాను. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే 2005 నుంచి జరిగిన ఎంఓటీలన్నీ ఉచితంగా కనిపిస్తాయి. ఏ ఏడాది ఎన్ని మైళ్లు, ఎందుకు ఫెయిల్, ఏ అడ్వైజరీ, అన్నీ. లైన్‌లో ఉండగానే వాడు చదివి వినిపించాడు. వరసగా మూడేళ్లు "వెనక సస్పెన్షన్ బిగింపు దగ్గర తుప్పు" అని అడ్వైజరీ. నాలుగో ఏడు, అంటే నెల క్రితం, ఆ మాటే లేదు. బాగు చేయించి ఉండొచ్చు, పైన నల్ల రంగు పూసి ఉండొచ్చు. వెల్డింగ్ బిల్లు అడగమన్నాను. అమ్మే ఆయన బిల్లు లేదన్నాడట, కింద ఫోటో తీసి పంపమంటే ఫోన్ పెట్టేశాడట.

అడ్వాన్స్ ఇవ్వలేదు వాడు. శనివారం ఇంకో బండి చూడటానికి వెళ్తున్నాం. నేనూ వెళ్తున్నా, టార్చి, పాత దుప్పటి ఒకటి తీసుకుని.