గురి సంగతి తరువాత చూద్దాం

కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ సంస్థ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ అనే రివాల్వర్‌ను విడుదల చేసింది. 50 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని ఛేదిస్తుందట. ఆత్మరక్షణలో ఇదొక మహత్తర ముందడుగు. దొంగ గుమ్మం దాకా రానక్కరలేదు. వీధి మలుపులో ఉండగానే అతని దురుద్దేశాన్ని పసిగట్టి కాల్చవచ్చు. అది ఆత్మరక్షణే అని కోర్టును ఒప్పించడం లాయరు గారి పని.

న్యూయార్క్ పోలీసులు పాపం ఇంత దూరం ఆలోచించలేదు. ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008 నివేదిక ప్రకారం, 1998 నుంచి 2006 వరకు జరిగిన ఎదురుకాల్పుల్లో వాళ్ల తూటాలు సగటున 18 శాతమే తగిలాయి. శిక్షణ పొంది, జీతం తీసుకునేవాళ్ల లెక్క ఇది. మన లైసెన్సుదారుకు ఆ బెంగ లేదు. ఎన్నడూ కాల్చనివాడికి గురి తప్పిన చరిత్రే ఉండదు కదా! 2016 ఆయుధ నియమాలు లైసెన్సు ఇచ్చే ముందు శిక్షణ ధ్రువపత్రం అడుగుతాయి. పత్రం చేతికొచ్చాక శిక్షణతో పనేమిటి?

పొట్టి గొట్టం ఉన్న తుపాకీలో కంటి పొరపాటు రవ్వంతైనా లక్ష్యం దగ్గర జానెడవుతుందని నిపుణులు గొణుగుతారు. ట్రిగ్గర్‌ను మెత్తగా నొక్కకుండా గుంజితే గొట్టం మూతి కిందికి వాలుతుందట. మందు కూడా వాళ్లే చెబుతారు: తూటాలన్నీ తీసేసి, తీసేశామో లేదో మరోసారి చూసుకుని, ఆవల మనుషులెవరూ లేని గట్టి గోడవైపు గురిపెట్టి, రోజూ కాసేపు ఖాళీ ట్రిగ్గర్ నొక్కడం. పైసా ఖర్చు లేదు, చూసేవాళ్లూ ఉండరు. ఈ రెండు లోపాల వల్లే ఆ సాధన మన దగ్గర నిలదొక్కుకోలేదు.

2014లో కాన్పూరులోనే ఆడవారి కోసమని ‘నిర్భీక్’ రివాల్వర్‌ను తయారుచేసినవారు ఈ మర్మం గ్రహించారు. అర కిలో బరువు, లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు ధర, పైగా దాన్ని ఉంచడానికి నగల పెట్టె. నగలూ అంతే కదా, బీరువాలో ఉంటాయి, పెళ్లికి బయటికి వస్తాయి. ఉత్తరాది పెళ్లిళ్లలో అయితే ఆకాశంలోకి కాలుస్తారు. అంత పెద్ద లక్ష్యం తప్పడం ఎవరి తరమూ కాదు. కిందికి దిగే తూటా ఎవరికి తగులుతుందో తెలియదు గనుక, ఆయుధ చట్టానికి చేసిన 2019 సవరణలో పార్లమెంటు దీనికి రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పెట్టింది.

మన రాష్ట్రాల్లో ఆ బాధ తక్కువ. ఎన్నికలు రాగానే తుపాకులను ఠాణాలో డిపాజిట్ చేయమంటారు. కక్షలు ముదిరే వేళకు ఆయుధం పోలీసుల దగ్గర, రసీదు యజమాని జేబులో. గురి విషయంలో ఆ రసీదు తుపాకీకి ఏమాత్రం తీసిపోదు. పైగా దానికి నూనె పెట్టనక్కరలేదు.