గెలాక్సీలు దాటారు, జైలు రిజిస్టరు మాత్రం రాయలేదు

అంతరిక్ష నౌకలో ఖైదీ ఉన్నాడంటే ఇక కరెంటు పోతుందని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. స్టార్ ట్రెక్ సిరీస్‌లలో నౌకలోని లాకప్‌కి ఊచలుండవు, కంటికి కనిపించని శక్తి తెర అడ్డుగా ఉంటుంది. శత్రువు దాడి చేస్తాడు, దీపాలు రెపరెపలాడతాయి, తెర తొలగిపోతుంది, ఖైదీ తాపీగా నడుచుకుంటూ బయటికొస్తాడు. కాంతివేగాన్ని మించి ప్రయాణించే నాగరికతకి లాకప్ గదికి ఒక ఇన్వర్టరు పెట్టుకోవాలని తోచలేదు. అమీర్‌పేటలో హాస్టల్ నడిపేవాడికి తోచింది.

ఇలాంటివాటి మీద అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. నా దృష్టిలో ఇవి చిల్లర లొసుగులు. తలుపు ఎలా తెరుచుకుందన్నది ఒక ముక్క డైలాగుతో సర్దేయొచ్చు. అసలు లొసుగు తలుపు మూసినప్పుడే మొదలవుతుంది. ఆ మనిషిని లోపల పెట్టిందెవరు, ఏ అధికారంతో, ఎన్నాళ్లకి? తిండి ఎవరు పెడుతున్నారు? పొద్దున తలలు లెక్కపెట్టేదెవరు? సైన్స్ ఫిక్షన్ టీవీ జైలంటే గోడ అనుకుంటుంది. గోడని ఎంత వింతగా కడితే అంత గొప్ప జైలని నమ్ముతుంది.

హైదరాబాద్‌లో టీవీ చూసేవాళ్లకి ఈ ప్రశ్నలు కొత్త కాదు. ప్రముఖుడెవరైనా అరెస్టయితే న్యూస్ చానళ్లు పోలీసు వాహనం వెనకాలే కెమెరాలు పరిగెత్తించి మొత్తం వరస మనకు కంఠతా పట్టించాయి. ఉస్మానియాలోనో గాంధీలోనో వైద్య పరీక్షలు, నాంపల్లి కోర్టు, 14 రోజుల రిమాండ్, చంచల్‌గూడ. రాజ్యాంగంలోని 22వ అధికరణ ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు అరెస్టు మెమో, బంధువులకు కబురు, కస్టడీలో 48 గంటలకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. ఇవన్నీ సక్రమంగా జరిగిపోతున్నాయని ఎవరూ అనరు. దేశంలోని జైళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. కానీ జరగనప్పుడు నిలదీయడానికి ఒక కాగితమంటూ ఉంది.

ఆ కాగితం బలమెంతో 2024 డిసెంబరులో ఊరంతా చూసింది. ఒక అగ్రహీరోని అరెస్టు చేసిన రోజే హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. అయినా పత్రాలు వేళకు జైలుకి చేరక ఆయన ఆ రాత్రి చంచల్‌గూడలోనే గడిపారు. తెరమీద ఒంటిచేత్తో వందమందిని విసిరేసే మనిషి కూడా ఒక ఆర్డరు కాపీ కోసం తెల్లారేదాకా ఆగాల్సిందే. ఈ జాప్యాల గురించే అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ 2021లో, డిజిటల్ యుగంలోనూ ఉత్తర్వులు మోసుకొచ్చే పావురాల కోసం ఆకాశంవైపు చూస్తున్నామని చురకేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఉత్తర్వులను ఎలక్ట్రానిక్‌గా పంపే ‘ఫాస్టర్’ వ్యవస్థ వచ్చింది. ఒక జైలు కథకి కావాల్సినంత ఉత్కంఠ ఈ ఒక్క పావురంలోనే ఉంది.

ఈ కాగితం సంగతి బొత్తిగా పట్టించుకోనివాటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది 2014లో మొదలైన సూపర్‌హీరో సిరీస్ ‘ది ఫ్లాష్’. అతీత శక్తులున్న నేరస్థుల్ని మామూలు జైలు ఆపలేదని, ఒక ప్రైవేటు ప్రయోగశాలలో పాడైపోయిన పార్టికల్ యాక్సిలరేటర్ అనే భారీ యంత్రాన్నే జైలుగా మార్చేస్తారు. ఇరుకు గదులు. మరుగుదొడ్డి కనిపించదు, పక్క కనిపించదు, వార్డరు లేడు. ల్యాబ్‌లో ఉన్న నలుగురూ నగరాన్ని కాపాడే హడావుడిలో ఉంటే లోపలివాళ్లకి మధ్యాహ్నం భోజనం ఎవరు పట్టుకెళ్లారు? సరే, తిండి సంగతి వదిలేద్దాం. కేసు లేదు, చార్జిషీటు లేదు, లాయరు లేడు. ఇందులో చెయ్యున్న జో వెస్ట్ పోలీసు డిటెక్టివ్. హీరో బ్యారీ అలెన్ అదే శాఖలో ఫోరెన్సిక్ ఉద్యోగి. పైగా బ్యారీ తండ్రి తాను చెయ్యని హత్యకి ఏళ్ల తరబడి జైల్లో మగ్గుతున్నాడు. తండ్రిని నిర్దోషిగా బయటికి తేవడమే ధ్యేయంగా పెట్టుకున్న కొడుకు, దొరికినవాణ్ణి దొరికినట్టు విచారణ లేకుండా గోడలో పెట్టి తాళమేసి ఇంటికెళ్లిపోతాడు. ఆ రెండు జైళ్లనీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే తీరిక మొదటి సీజన్‌కి లేకపోయింది. చివర్లో ఖైదీల్ని ఒక దీవికి తరలించబోతూ ఎస్కార్ట్ సాయం మరో నేరస్థుణ్ణి అడుగుతారు. అతను వాళ్లను వదిలేస్తాడు. ఆశ్చర్యమేముంది?

నిర్బంధితుల తరఫున పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ దశాబ్దాల పాటు వాదించిన ఊరు మనది. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే హెబియస్ కార్పస్ అన్నది ఇక్కడ పత్రికలు చదివే ప్రతివాడికీ తెలిసిన మాట. ఆ పిటిషన్ ఒక్కటి పడితే ‘ఫ్లాష్’ బృందం జడ్జికి ఏం చెబుతుందో ఊహించండి.

స్టార్ ట్రెక్ చేసిన తప్పు ఇంకా పెద్దది, ఇంకా రుచికరమైనది. 1967లో వచ్చిన ఎపిసోడ్‌లో ఖాన్ అనే నియంతని శీతలనిద్ర నుంచి లేపుతారు. లేచీ లేవగానే నౌక సాంకేతిక పుస్తకాలు చదువుకుంటానంటాడు, కెప్టెన్ కర్క్ సరేనంటాడు. నౌక చేజారి, మళ్లీ చేజిక్కాక, కర్క్ తానే విచారణ జరిపి అభియోగాలు ఎత్తేసి ఖాన్‌నీ అనుచరుల్నీ ఒక నిర్జన గ్రహం మీద దింపేస్తాడు. వందేళ్ల తర్వాత వచ్చి ఇక్కడేం మొలిచిందో చూస్తే బావుంటుందని స్పాక్ అంటాడు. జైలు తనిఖీకి వందేళ్ల గడువు! 1982 నాటి సినిమాలో అసలు సంగతి బయటపడుతుంది. వాళ్లను దింపిన ఆర్నెల్లకే పక్క గ్రహం పేలిపోయి, వాళ్లున్న గ్రహం ఎడారైపోయింది. పదిహేనేళ్లు ఎవరూ తొంగిచూడలేదు. మరో నౌక అక్కడికి వేరే పనిమీద, అది వేరే గ్రహమనుకుని వస్తుంది. ఇక్కడ మనుషుల్ని వదిలారన్న ఎంట్రీ ఆ నౌక పటంలో ఎక్కడా ఉన్నట్టు లేదు. అభిమానులు మాత్రం, ఆ నౌకలో వచ్చిన, పాత ఎపిసోడ్‌లో కనిపించని కర్క్ పాత సిబ్బంది చెకోవ్‌ని ఖాన్ ఎలా గుర్తుపట్టాడని దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. చెకోవ్ ఆ రోజు ఏ డ్యూటీలోనో ఉండుంటాడు లెండి.

వినోదం మధ్య ఈ రికార్డుల గోలెందుకని అడిగేవాళ్లకి 2022 నాటి స్టార్ వార్స్ సిరీస్ ‘ఆండోర్’ చూపిస్తాను. చుట్టూ నీళ్లున్న ఫ్యాక్టరీ జైలు, ఖైదీలకు చెప్పుల్లేవు, నేలలో కరెంటు. కాపలా నేలే చూసుకుంటుంది కాబట్టి గార్డులు కొద్దిమందే. సామ్రాజ్యం గాలిస్తున్న కాసియన్ ఆండోర్ అదే సామ్రాజ్యం జైల్లో దొంగపేరుతో, చెయ్యని చిన్న నేరానికి ఆరేళ్ల శిక్ష అనుభవిస్తుంటాడు. ఇది కుదరదని కొట్టిపారేయొచ్చు. నాకు ఇదే అన్నిటికంటే నమ్మదగ్గదిగా అనిపించింది. వేటాడే విభాగానికి ఒక మనిషి కావాలి, ఫ్యాక్టరీకి తలల లెక్క కావాలి, ఆ రెండు ఫైళ్లూ ఒక బల్ల మీదికి రావు. ఇక తిరుగుబాటు దేనివల్ల మొదలవుతుంది? ఒక అంతస్తులో విడుదలైనవాడు మర్నాడు పొరపాటున అదే జైల్లో మరో అంతస్తులో తేలతాడు. విడుదలే లేదన్న నిజం అక్కడివాళ్లకి తెలిసిపోతుంది, అధికారులు ఆ అంతస్తులో అందర్నీ చంపేస్తారు. అంతా ఒక తప్పు ఎంట్రీ వల్ల. చివరికి అక్కడా కరెంటు తీయించే బయటపడతారు. అయితే కరెంటు పోవడానికి ముందు మూడు ఎపిసోడ్ల పాటు ఆ జైలు ఎలా నడుస్తుందో మనకు తెలిసింది.

ఈ తెలివి మనవాళ్ల కథల్లో ఎప్పటినుంచో ఉంది. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము ఖర్చుపెట్టినందుకు తానీషా కంచర్ల గోపన్నను పెట్టించిన బందిఖానాని ఇప్పటికీ గోల్కొండలో చూపిస్తారు. రాముడు తలుచుకుంటే ఆ గోడెంత? కానీ ఈ కథ చెప్పుకున్న జనం దేవుడిచేత కూడా గోడ బద్దలు కొట్టించలేదు. రామోజీ, లక్ష్మోజీ రాత్రివేళ వచ్చి ఆరు లక్షలూ కట్టి, తానీషా దగ్గర రసీదు తీసుకున్నారు.

అన్యాయం చేశానని అనిపించుకోకుండా స్టార్ ట్రెక్‌కి ఒక మార్కు వేస్తాను. 1995లో మొదలైన ‘వాయేజర్’ తొలి ఎపిసోడ్‌లో జైలు న్యూజిలాండ్‌లో, ఆరుబయట ఉంటుంది. మన చర్లపల్లిలోని ఖైదీల వ్యవసాయ క్షేత్రం తెలిసినవాళ్లకి అదేమంత వింతగా అనిపించదు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న టామ్ పారిస్‌ని కెప్టెన్ జేన్‌వే ఒక పని మీద వెంట తీసుకెళ్తుంది. సాయం చేస్తే శిక్ష సమీక్షలో మంచిమాట చెబుతామన్నది ఒప్పందం. నౌక గెలాక్సీ అవతలికి కొట్టుకుపోతుంది, ఆ ఎపిసోడ్ ముగిసేసరికి పారిస్ లెఫ్టినెంట్. మన జైళ్లలో పెరోల్ గడువు దాటి రానివాణ్ణి పరారీ కిందే రాస్తారు. ఏడు సీజన్లు నడిచిన ఆ సిరీస్‌లో పారిస్‌కి ఎన్నో కథలు రాశారు, చివర్లో ఇల్లు చేరారు. మిగిలిన శిక్ష మాఫీ అయిందో, సర్వీసు కింద జమయిందో, న్యూజిలాండ్ జైలు లెక్కలో అతని పేరు పక్కన ఇంకా ‘పని మీద బయటికి’ అనే ఉందో చూపించే ఒక్క సీను ఇచ్చి ఉంటే, నేను శక్తి తెరల సంగతి ఎత్తేవాణ్ణే కాదు.