బొగ్గు తీసేశాక ఆ నేల ఎవరిది?

భూమిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు బొగ్గు గని పని అయిపోతుందనగానే వినిపించేవి రెండే మాటలు: సోలార్ పెడదాం, లేదా పార్కు చేద్దాం. రామగుండం దగ్గర మేడిపల్లి గనిలో పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి ఎత్తిపోసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రం కడతామని సింగరేణి ప్రతిపాదించింది. అందులో తప్పేం లేదు. ఎలాగూ నీళ్లు నిలిచే అంత లోతు గొయ్యిని పూడ్చే ఖర్చుకన్నా వాడుకోవడమే నయం.

కానీ గొయ్యి ఒక్కటే కాదు కదా. చుట్టూ బొగ్గు పైన తవ్వి తీసిన మట్టీ రాళ్ల (ఓబీ) గుట్టలు, పూడ్చిన నేల కూడా ఉంటాయి. పూడ్చిన నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా దాచి, మళ్లీ పైన పరచకపోతే రాళ్లూ రప్పలే మిగులుతాయి. సాగుకు పనికొస్తుందా లేదా అన్నది గని మూసే రోజున కాదు, తెరిచే రోజునే తేలిపోతుంది.

అసలు చిక్కు యాజమాన్యంలో ఉంది. బొగ్గు భూముల కోసం 1957లో తెచ్చిన చట్టం కింద తీసుకున్న నేలను తవ్వకం తర్వాత ఎలా వాడాలో 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒక విధానం ఆమోదించింది. సోలార్, బొగ్గు కడిగే వాషరీలు, అడవుల పెంపకం, నిర్వాసితుల పునరావాసం వంటివాటికి లీజుకు ఇవ్వొచ్చు. యాజమాన్యం మాత్రం ప్రభుత్వ బొగ్గు కంపెనీదే. భూమి పోగొట్టుకున్న రైతుకు తిరిగి సాగుకిచ్చే మాట అందులో లేదు. కంపెనీకి సోలారే ముందు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం ఏముంది?

కంపెనీ నేల వదలడం అసాధ్యమేమీ కాదు. కోల్‌బెల్ట్ పట్టణాల్లో సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ప్రభుత్వ ఉత్తర్వు జీవో 76 కింద పట్టాలు ఇచ్చారు. ఇంటి జాగాకు కుదిరింది చేనుకు ఎందుకు కుదరదు?

సింగరేణి గనులున్న ఇల్లందు, మణుగూరు ఏజెన్సీలో ఉన్నాయి. అక్కడ భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. బొగ్గు అయిపోయాక ఆ నేలను ఏం చేయాలో అడగమని చెప్పదు. ఈ లోటు పూడ్చడానికి కొత్త చట్టం దాకా పోనక్కర్లేదు. గని మూసివేత కోసం కంపెనీలు ఎస్క్రో ఖాతాలో (షరతు తీరేదాకా డబ్బు తీయడానికి వీల్లేని ఖాతాలో) డబ్బు జమ చేయాలని 2009 నుంచి నిబంధన ఉంది. పని సరిగా జరిగిందని సాంకేతిక సంస్థలు తేలిస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అదే చోట గ్రామసభ తీర్మానం కూడా జతచేయాలని ఒక్క షరతు పెట్టండి. చివరి వాయిదా ఆగుతుందంటే కంపెనీలే ఊరి వాకిట్లోకి వచ్చి అడుగుతాయి.