వరుడు ఫైనల్, ప్రతివాది ఫైనల్

ఫ్యామిలీ కోర్టు ఎదురుగా నాకో డీటీపీ, జిరాక్స్ షాపుంది. ఆర్థికశాస్త్రం చదువుకోలేదు గానీ, కలిగినవాడు ఎంత వేగంగా నిరుపేద అయిపోగలడో నాకు తెలిసినంతగా ఏ ఆర్థికవేత్తకూ తెలిసి ఉండదు.

నాలుగేళ్ల కిందట ఒకబ్బాయి పెళ్లి బయోడేటాను వాళ్ల నాన్నగారు పక్కన కూర్చుని మరీ టైపు చేయించుకున్నారు. "జీతం నెలకు 1,20,000 కొట్టు బాబూ. మూడెకరాల మాగాణి, సొంత ఫ్లాటు. బాధ్యతలేమీ లేవు. ఆ చివరి ముక్క లావు అక్షరాల్లో పెట్టు." పెట్టాను. ఫైలు పేరు 'వరుడు ఫైనల్'.

మొన్న అదే అబ్బాయి భరణం కేసులో అఫిడవిట్ కొట్టించుకోవడానికొచ్చాడు. జీతం 18,000. పొలం పెదనాన్నది. ఫ్లాటు అమ్మ పేరున ఉంది. బాధ్యతలు మాత్రం పేజీన్నర: తల్లిదండ్రుల బీపీ, షుగరు, చెల్లెలి చదువు, మేనత్త మోకాలు. కారు రెండు వీధుల అవతల వేపచెట్టు కింద పెట్టి ఆటోలో దిగాడట. లోపలికి వెళ్లేముందు ప్లీడరు గుమాస్తా "ఆ వాచీ జేబులో వేసుకోండి సార్" అన్నాడు. తీశాడు. మణికట్టు మీద వాచీ మేర తెల్లటి చార మిగిలిపోయింది. దాన్ని కప్పుకోవడానికి, మడతపెట్టిన చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకున్నాడు.

దీని వెనక పెద్ద లెక్కే ఉంది. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యకు భరణంగా భర్త నికర జీతంలో 25 శాతం సబబేనంది. చట్టంలో ఏ శాతమూ రాసి లేదు. జీతం, అవసరాలు, పిల్లలు, అలవాటుపడ్డ బతుకు, అన్నీ చూసి జడ్జిగారు తేలుస్తారు. అయినా అందరి నోటా పాతికే. లక్షా ఇరవై వేలలో పాతిక శాతమంటే 30,000. పద్దెనిమిది వేలలో 4,500. మేనత్త మోకాలికి అంత విలువుంది మరి.

2020 నవంబరులో రజ్‌నేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ఒకే నమూనాలో ప్రమాణం చేసి రాసివ్వాలంది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలంది. నాకు పేజీల లెక్కన గిట్టుబాటైంది కాబట్టి నన్ను నిష్పక్షపాతి అనుకోకండి. తర్వాత 2024 జులై 1న భరణం అడిగే పాత నేర విచారణ చట్టం సెక్షన్, అంటే సీఆర్‌పీసీ 125 పోయి, దాని బదులు తెచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 వచ్చింది. ఫైళ్లన్నిట్లో 125ని ఒక్క దెబ్బతో 144 చేశాను. ఒకావిడ డోర్ నంబరు కూడా మారిపోయి, నోటీసు వేరే ఇంటాయనకు వెళ్లింది. ఆయనకు పెళ్లే కాలేదు.

ఆడవాళ్లంతా హరిశ్చంద్రుడి చెల్లెళ్లని నేననను. 'ఆదాయం: లేదు' అని ఒకావిడ చెబుతుండగానే ఫోన్ మోగింది. "పది జాకెట్లూ రేపటికి రెడీ అండీ" అంది. నేనేమీ వినలేదు. ఆ కుట్టుకూలితో ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు కట్టి చూపించమని మాత్రం ఎవరినైనా అడగగలను.

హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద మొగుడు కూడా మనోవర్తి అడగొచ్చు. ఈ మాట చెప్పగానే మగవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. తనకు చాలినంత సంపాదన లేదని, పెళ్లాం సంపాదనే దిక్కని సంతకం పెట్టాలనగానే ఆరిపోతాయి.

కట్టక తప్పనప్పుడు మగమహారాజు పౌరుషం చిల్లర రూపంలో బయటికొస్తుంది. 2023లో జైపూర్‌లో ఒకాయన 55,000 బాకీని నాణేల మూటల్లో తెప్పించాడు. మరుసటేడు కోయంబత్తూరులో ఇంకొకాయన 80,000 అలాగే మోసుకొస్తే, జడ్జిగారు పోయి నోట్లు తెమ్మన్నారు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల దాకానే చెల్లుబాటు. ఇదంతా దేనికి, జైలుకెళ్లి కూర్చుంటే పోలేదా అని నన్నడిగినవాళ్లున్నారు. నెల బకాయికి నెల దాకా వెయ్యొచ్చు, కానీ తిరిగొచ్చాక బాకీ అలాగే ఉంటుందని చెబితే, జిరాక్స్‌కి రూపాయి తగ్గించమని బేరం మొదలెడతారు.

నిన్న సాయంత్రం మళ్లీ ఆ నాన్నగారు వచ్చారు. పాత బయోడేటా ఉందా అన్నారు. తీశాను. "జీతం 1,40,000 చెయ్యి. ఇంక్రిమెంటు పడింది."

"విడాకులు ఇంకా రాలేదు కదండీ?"

"వస్తాయిలే, రెడీగా ఉంచుకుందాం."

'బాధ్యతలేమీ లేవు' దగ్గర కర్సర్ ఆపి అడిగాను, లావు అక్షరాలు అలాగే ఉంచమంటారా అని.