సవరణ: ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ఎల్పీల శ్రుతి గురించి

అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ఎల్పీలు (గ్రామఫోన్ రికార్డులు) రెండు వైపులా వేగంగా నడుస్తాయని, కొనొద్దని పోయిన వారం రాశాను. అది తప్పు. తేడా మొదటి వైపుకే ఉంది. ఆల్బమ్ రీఇష్యూలతో (మళ్లీ విడుదల చేసిన కాపీలతో) వచ్చిన రికార్డింగ్ వివరాలు చూశాక తెలిసింది.

ఈ ఆల్బమ్‌ని న్యూయార్క్‌లో 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. మార్చిలో అసలు టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో ప్లే చేస్తే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ మూడూ ఆ రోజువే. ‘సో వాట్’ పెట్టి, దాని ఆధార స్వరమైన డి (D) కీబోర్డు మీద నొక్కి చూడండి, కలవదు. దాని పైనున్న ఇ-ఫ్లాట్ (E♭) కూడా కలవదు, రెంటికీ మధ్యలో ఉంటుంది. ‘ఆల్ బ్లూస్’ ఉన్న రెండో వైపు ఏప్రిల్‌లో చేసింది, అందులో ఏ లోపమూ లేదు.

మార్చి 2నే రెండో మెషీన్ మీద తీసిన సేఫ్టీ టేపు (ముందుజాగ్రత్త కాపీ) సరైన వేగంతో ఉంది. 1992 రీఇష్యూలో దాన్నే వాడి సరిచేశారు.

కాబట్టి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత కాపీ కనిపిస్తే, గీతలు లేకపోతే తీసుకోండి. నా మాట విని తమ కాపీ అమ్మేద్దామనుకున్న సికింద్రాబాద్ మిత్రులు దయచేసి ఆగండి. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రేమించింది ఆ శ్రుతినే.